లోచూపు మారితే: గిడుగు వారి పర్లాకిమిడి రోజులు

'యద్భావం తద్భవతి' అన్న మాట మనం చిన్నప్పటినుంచీ వింటున్నదే. అయితే సాధారణంగా దాన్ని పూజగదికీ పురాణ కాలక్షేపానికీ పరిమితం చేసి ఊరుకుంటాం. నా మట్టుకు నాకు ఆ మాట చరిత్రకు కూడా అంతే చక్కగా వర్తిస్తుందనిపిస్తుంది. మనిషి ఎదుటి వస్తువుకు మనసులో ఏ పేరు పెట్టుకుంటాడో ఆ పేరుకు తగినట్టే దానితో ప్రవర్తిస్తాడు. 'పనికిరానిది' అని పేరు పెడితే పక్కకు నెడతాడు. 'విలువైనది' అని పేరు పెడితే దాచుకుంటాడు. వస్తువు ఆ వస్తువే. మారింది లోపలి చూపు.

మరి ఆ చూపు ఎలా మారుతుంది? నీతిబోధలు వింటే మారుతుందా, పుస్తకాలు చదివితే మారుతుందా? ఈ ప్రశ్నకు జవాబుగా ఒక జీవితాన్ని పాఠకుల ముందు పెడతాను. ఆయన గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. ఆయన్నే ఎందుకంటే, ఇలాంటి మార్పు ఆ జీవితంలో రెండుసార్లు కనిపిస్తుంది. పైగా ఆ కథకు వేదిక హైదరాబాదూ కాదు, బెజవాడా కాదు. ఇవాళ ఒడిశాలో గజపతి జిల్లాకు ముఖ్యపట్టణంగా ఉన్న పర్లాకిమిడి. అంటే మనలాంటి రాష్ట్రేతర తెలుగువాళ్ళ ఊరు.

ముప్పై రూపాయల మాస్టారు

గిడుగువారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. 1875లో తండ్రి వీర్రాజుగారు పోయారు. విజయనగరంలో బంధువుల ఇంట ఉండి మహారాజావారి ఇంగ్లీషు స్కూల్లో చదువుకున్నారు. అక్కడ ఆయనకు సహాధ్యాయి గురజాడ అప్పారావుగారు. 1879లో మెట్రిక్యులేషన్ అయింది. ఇంటి పరిస్థితులు పై చదువుకు అనుకూలంగా లేవు. 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో నెలకు ముప్పై రూపాయల జీతం మీద చరిత్ర చెప్పే మాస్టారుగా చేరారు. ఉద్యోగం చేసుకుంటూనే ప్రైవేటుగా చదివి బి.ఏ. పూర్తిచేశారు. ఆ స్కూలు కాలేజీ అయినప్పుడు అక్కడే పై తరగతులకు పాఠాలు చెప్పారు.

ఇంతవరకూ ఇది ఆ రోజుల్లో వందలమంది మధ్యతరగతి మాస్టర్ల కథ. దీన్ని వేరు చేసింది పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండలు. ఆ కొండల్లో సవరలు ఉంటారు. కొండ సరుకు తెచ్చుకొని సంతకు దిగుతారు, అమ్ముకొని మళ్ళీ ఎక్కుతారు. పట్నంలో ఉన్న చదువుకున్నవాళ్ళ దృష్టిలో వాళ్ళు 'కొండవాళ్ళు', వాళ్ళ మాట 'కొండభాష'. లిపి లేదు, పుస్తకం లేదు, వ్యాకరణం లేదు కాబట్టి అది భాషే కాదనుకునేవారు. ఆ పేరు పెట్టుకున్న తరువాత ఎవరైనా చెయ్యగలిగింది ఒక్కటే. సంతలో బేరానికి అవసరమైన నాలుగు మాటలు నేర్చుకోవడం, మిగతాది విననట్టు ఊరుకోవడం.

గిడుగువారు అలా ఊరుకోలేదు. సవరలకు చదువు చెప్పాలంటే వాళ్ళ భాషలోనే చెప్పాలి, దానికి ముందు ఆ భాష తనకు రావాలి అనుకున్నారు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని తన ఇంట్లోనే పెట్టుకొని నేర్చుకోవడం మొదలుపెట్టారు. కొండలెక్కి ఆ పల్లెల్లో తిరిగారు. మాటలు, పాటలు, కథలు విన్నవి విన్నట్టు రాసుకున్నారు. ఇది ఒక వేసవి సెలవుల సరదా కాదు. దాదాపు ముప్పై అయిదేళ్ళ పని. సవర భాషలో వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టారు. అక్కడి మాస్టర్లకు తానే జీతాలిచ్చారు.

నేను వాణిజ్యశాస్త్రం చదువుకున్నవాణ్ణి. బ్యాంకులో లెక్కలు చూడడమే నా వృత్తి. ఒక మనిషి దేన్ని నమ్ముతున్నాడో తెలుసుకోవాలంటే అతని ఉపన్యాసం వినక్కర్లేదు, ఖర్చు పద్దు చూస్తే చాలునని ఆ వృత్తి నాకు నేర్పింది. పర్లాకిమిడి మాస్టారి ఖర్చు పద్దులో సవర బడుల జీతాలు ఉన్నాయి. ఆయన లోచూపు ఎంత గట్టిగా మారిందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

సవర లెక్క

ఆ భాషలో ఏముందని ఇంత శ్రమ అని ఆనాడు అడిగినవాళ్ళు ఉండే ఉంటారు. ఒక్క ఉదాహరణ చెబుతాను. అది నా వృత్తికి దగ్గరి విషయం కూడా.

మనం పదులలో లెక్కపెడతాం. సవరలు పన్నెండు వరకూ లెక్కపెట్టి, ఆ పన్నెండు మీద మళ్ళీ మొదలుపెడతారు. పదమూడు అంటే పన్నెండూ ఒకటి. పందొమ్మిది అంటే పన్నెండూ ఏడు. ఇరవైకి మళ్ళీ ఒక కొత్త మెట్టు. ముప్పై రెండు అంటే ఇరవైా పన్నెండూ. ముప్పై మూడు అంటే ఇరవై, పన్నెండు, ఒకటి. సంతలో ఇది విన్న మైదానపు వర్తకుడికి 'వీళ్ళకు లెక్క రాదు' అనిపించడం సహజమే. తనకు తెలిసిన పద్ధతి తప్ప మరొకటి లెక్క కాదన్నది అతని లోచూపు.

అదే కాలంలో ఈ దేశాన్ని ఏలుతున్న దొరల ఖాతా పుస్తకం చూడండి. పన్నెండు పెన్నీలు ఒక షిల్లింగు, ఇరవై షిల్లింగులు ఒక పౌను. అవే పన్నెండూ ఇరవై! 1971 దాకా ఇంగ్లండు తన లెక్కలు ఇలాగే రాసుకున్నది. మన రూపాయి కూడా 1957 దాకా పదహారు అణాలు, అణాకు పన్నెండు పైలు. అటువంటి లెక్క లండను బ్యాంకులో ఉంటే నాగరికత అయింది. కొండమీద ఉంటే అనాగరికత అయింది. తేడా లెక్కలో లేదు, చూసేవాడి లోపల ఉంది.

సవర భాష మన ద్రావిడ కుటుంబానిది కాదు, ముండా కుటుంబానిది. అందులో నామవాచకం క్రియలోపలే ఇమిడిపోయి రెండూ ఒక్క మాటగా వినపడే నిర్మాణం ఉంది. తెలుగు అక్షరాలతో సరిగా రాయడానికి వీలుకాని ధ్వనులున్నాయి. వీటిని పట్టుకోవాలంటే మన వ్యాకరణం పక్కన పెట్టి చెవి ఒగ్గి వినాలి. గిడుగువారు అప్పుడప్పుడే వస్తున్న భాషాశాస్త్ర గ్రంథాలు తెప్పించుకొని చదివి, ఆ చెవికి శిక్షణ ఇచ్చుకున్నారు. మద్రాసు ప్రభుత్వం ఆయన సవర వ్యాకరణాన్ని 1931లోనూ, సవర-ఇంగ్లీషు నిఘంటువును 1938లోనూ అచ్చువేసింది. అంతకు ముందే, 1913లో, రావుబహదూరు బిరుదు ఇచ్చింది.

దీనికి ఆయన చెల్లించిన మూల్యం కూడా చెప్పుకోవాలి. కొండల్లో తిరిగినందుకు మలేరియా పట్టుకుంది. దానికి వాడిన క్వినైను వల్ల చెవుడు వచ్చింది. ఒక భాషను వినడానికి పోయి ఆ మనిషి తన చెవులే పోగొట్టుకున్నాడు. అయినా విన్నది పోలేదు. అది రెండో మార్పుకు దారి తీసింది.

తెలుగు వంతు

1907 ప్రాంతంలో యేట్స్ అనే దొర ఉత్తర కోస్తా జిల్లాలకు స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. అతనికి ఒక సందేహం కలిగింది. జనం నోట వినే తెలుగు ఒకటి, పుస్తకాల్లో కనిపించే తెలుగు మరొకటి, ఎందుకు? విశాఖపట్నం ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగితే, దీనికి జవాబు చెప్పగలవారు గురజాడ, గిడుగు అని ఆయన చెప్పారు.

అప్పటికి గిడుగువారు పాతికేళ్ళకు పైగా బడిలో పాఠాలు చెబుతున్నారు. ఏ బడిలోనైనా జరిగే తంతు ఆయనకు తెలియనిది కాదు. పంతులుగారు పద్యానికి అర్థం చెప్పేటప్పుడు 'రాముడు వస్తున్నాడు' అంటారు. పిల్లవాడూ అలాగే అంటాడు. కాని పలక మీద అలా రాస్తే బెత్తం లేస్తుంది. 'వచ్చుచున్నాడు' అని రాయాలి. అందరి నోటా ఉన్న మాటకు పండితులు పెట్టిన పేరు గ్రామ్యం. అలంకారశాస్త్రంలో గ్రామ్యం ఒక కావ్యదోషం. అంటే ఆ పిల్లవాడు తల్లి దగ్గర నేర్చుకున్న మాటంతా ఒక దోషమన్నమాట. తన నోరే తప్పు అనుకున్న పిల్లవాడు ఏం చేస్తాడు? సొంతంగా ఒక్క వాక్యం రాయడానికి భయపడతాడు. పుస్తకంలో ఉన్నది బట్టీపట్టి అప్పజెబుతాడు.

యేట్సు ప్రశ్న వేసేనాటికి అది ఎందరికో వచ్చి ఉండవలసిన ప్రశ్నే. గిడుగువారిలో అది నాటుకోవడానికి కారణం ఆయన చెవి అప్పటికే సిద్ధమై ఉండడమని నా అభిప్రాయం. లిపి లేని సవరకు నియమం ఉందని స్వయంగా విని తెలుసుకున్న మనిషికి, ఇంటింటా పలికే తెలుగుకు నియమం లేదంటే ఎలా నమ్మకం కుదురుతుంది? హెన్రీ స్వీట్, యెస్పర్సన్ వంటివారి గ్రంథాలు చదివి, భాష తరతరానికీ మారడం సహజమేనని ఆయన గ్రహించారు. గ్రామ్యం అన్న పేరు తీసేసి 'శిష్టవ్యావహారికం' అన్న పేరు నిలబెట్టారు. భాషలో ఒక్క అక్షరం కొత్తగా చేర్చలేదు. పేరు మార్చారు, అంతే. కాని ఆ పేరుతో పాటు చూపు మారింది. చూపుతో పాటు ఆయన జీవితం మారింది. 1911లో ఉద్యోగ విరమణ చేసి, మిగిలిన ఇరవై తొమ్మిదేళ్ళూ ఆ పనికే ధారపోశారు.

పండితుల పక్షాన కూడా న్యాయం లేకపోలేదు. 1911లో మద్రాసులో జయంతి రామయ్య పంతులుగారి నాయకత్వాన ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు వారి భయం ఏమిటంటే, ఒక్కో జిల్లా ఒక్కో రకంగా రాస్తే తెలుగు ముక్కలైపోతుందని. అది స్వార్థంతో పుట్టిన భయం కాదు. భాష అంటే కట్టుదిట్టంగా కాపాడుకోవలసిన నిధి అని వాళ్ళ లోచూపు. భాష అంటే పారే నీరని గిడుగువారి లోచూపు. 1912-13లో స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసం ఏ శైలిలోనైనా రాయవచ్చునని ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. పెద్ద దుమారం లేచింది. 1914లో గురజాడవారు తమ అసమ్మతి పత్రాన్ని సమర్పించారు. చివరికి ప్రభుత్వం వెనక్కి తగ్గింది. మరుసటి ఏడు గురజాడ కన్నుమూశారు.

గిడుగువారు నిరాశపడి ఊరుకున్నారా అంటే, లేదు. ఆయన పద్ధతి తిట్టడం కాదు, చూపించడం. ప్రాచీన గ్రంథాల్లోంచి ప్రయోగాలు ఏరి చూపించారు. గ్రాంథికమే రాయాలని పట్టుబట్టినవారు తామే ఆ గ్రాంథికాన్ని తప్పుల్లేకుండా రాయలేకపోతున్నారని వారి పుస్తకాల్లోంచే ఎత్తి చూపించారు. 1919లో 'తెలుగు' అనే పత్రిక పెట్టి నడిపారు. 1925లో తణుకులో జరిగిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు సభలో నాలుగు గంటలపాటు మాట్లాడి, తన వాదానికి అనుకూలంగా తీర్మానం చేయించారు. ప్రత్యర్థుల సభలో, ప్రత్యర్థుల చేత!

డెబ్బై ఏళ్ళ వయసులో

ఇక్కడ మరొకరిని తలచుకోక తప్పదు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు. తెలుగు వచనానికి బాటలు వేసినవారు. ఆ వచనం చాలావరకు గ్రాంథికంలోనే సాగింది. అటువంటి ఆయన 1919 ఫిబ్రవరి 28న రాజమండ్రిలో వ్యావహారికం కోసం ఏర్పడిన వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజానికి అధ్యక్షులయ్యారు. అప్పటికి ఆయన వయసు డెబ్బై దాటింది. ఆ తరువాత మూడు నెలలకే, మే 27న, ఆయన మరణించారు.

డెబ్బై ఏళ్ళ వయసులో, పేరు ప్రతిష్ఠలు అన్నీ వచ్చిన తరువాత, తన జీవితకాలపు రచనకు పునాది అయిన అభిప్రాయాన్ని మార్చుకోవడం మాటలా? బ్యాంకులో చూస్తుంటాం, అరవై దాటినవారు సంతకం తీరు మార్చుకోవడానికే ఇష్టపడరు. 'ఈ వయసులో మనం మారతామా' అనేవారికి కందుకూరి చివరి ఫిబ్రవరి ఒక జవాబు.

1936

చూపు మారినంత మాత్రాన లోకమంతా మన వెంట వస్తుందనుకోకూడదు. గిడుగువారి జీవితమే దానికీ ఉదాహరణ. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి పట్టణం ఆ రాష్ట్రంలోకి వెళ్ళింది. దాన్ని తెలుగుగడ్డగా భావించిన గిడుగువారు అందుకు ఒప్పుకోలేకపోయారు. యాభై ఆరేళ్ళు కాపురమున్న ఊరిని డెబ్బై మూడో ఏట విడిచి రాజమండ్రి చేరారు.

ఈ విషయంలో మనం ఒడియా సోదరుల వైపు నుంచి కూడా చూడాలి. 1870లో బాలేశ్వర్‌లో కాంతిచంద్ర భట్టాచార్య అనే బెంగాలీ ఉపాధ్యాయుడు ఒడియా స్వతంత్ర భాషే కాదని పుస్తకం రాశాడు. ఫకీర్‌మోహన్ సేనాపతి వంటివారు దానికి ఎదురు నిలిచారు. నీ నోటిలో ఉన్నది భాష కాదు అనిపించుకున్న బాధ వాళ్ళకూ తెలుసు. ప్రత్యేక రాష్ట్రం కావాలన్న వాళ్ళ కోరిక వెనుక ఆ బాధ ఉంది. సవరలు, తెలుగువాళ్ళు, ఒడియావాళ్ళు, ముగ్గురూ ఒకే మాట అనిపించుకున్నవాళ్ళే.

చిత్రమేమిటంటే అదే 1936లో సవరల్లోంచే మంగయి గొమాంగో అనే ఆయన తమ భాషకు సొరాంగ్ సొంపెంగ్ అనే లిపిని రూపొందించారు. ఇతరులు 'భాష కాదు' అన్నదానికి సొంతంగా అక్షరాలు దిద్దుకున్నారు. తమను తాము చూసుకునే చూపు మారితే ఎంత పని జరుగుతుందో దానికి ఆ లిపే నిదర్శనం.

గిడుగువారికి 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చింది. 1940 జనవరి 22న ఆయన వెళ్ళిపోయారు.

మన సంగతి

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాం. దక్షిణ ఒడిశాలో నేను పనిచేసిన ఒక శాఖలో ఈ విషయం చాలాసార్లు గమనించాను. కౌంటరు అవతల ఇద్దరు ఖాతాదారులు పొలం ధర గురించో, పెళ్ళి ఖర్చు గురించో ధారాళంగా తెలుగులో మాట్లాడుకుంటూ ఉంటారు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన ఆఫీసరు తెలుగులో పలకరించగానే 'మాకు తెలుగు సరిగ్గా రాదు బాబూ' అని ఒడియాలోకో హిందీలోకో దిగిపోతారు. నిమిషం క్రితం వాళ్ళు మాట్లాడుకున్నది మరి ఏ భాష?

హోసూరులోనైనా, బళ్ళారిలోనైనా, షోలాపూరులోనైనా మనవాళ్ళలో ఈ మాట వినని వారుండరు. 'మాది కలగాపులగం తెలుగు, మాది మొరటు తెలుగు, టీవీలో వచ్చేదే అసలు తెలుగు.' గ్రామ్యం అన్న పాత పేరును ఇప్పుడు పండితులు కాదు, మనకు మనమే పెట్టుకుంటున్నాం. ఆ పేరు పెట్టుకున్న తల్లి బిడ్డతో ఆ భాష మాట్లాడడానికి జంకుతుంది. బడిలో ఎలాగూ లేదు, ఇంట్లోనూ లేకపోతే ఇక ఎక్కడుంటుంది?

మాటలు కలవడమే తప్పయితే బ్యాంకు తెలుగు సంగతేమిటి? జమ, ఖర్చు, వసూలు, బాకీ, రసీదు. వీటిలో ఒక్కటీ మొదట తెలుగు కాదు, అన్నీ అరబ్బీ పారశీకాలనుంచి వచ్చినవే. వాటిని వాడినందుకు గుంటూరువాణ్ణి ఎవరూ వెక్కిరించరు. మరి మన నోట ఒక ఒడియా మాట, ఒక కన్నడ మాట, ఒక అరవ మాట కలిస్తే మాత్రం నామోషీ ఎందుకు? ఇరుగుపొరుగుతో కలిసి బతికినందుకు వచ్చిన వడ్డీ అది. అప్పు కాదు.

అంతా మనసులోనే ఉందని నేననడం లేదు. బయటి అడ్డంకులు నిజమైనవే. 2006లో తమిళనాడు చేసిన తమిళం తప్పనిసరి చట్టం తెలుగు పిల్లల మీద పడిన సంగతి మనకు తెలుసు. మాస్టర్లు ఉండరు, పుస్తకాలు సమయానికి రావు. వాటికోసం అర్జీలు పెట్టాలి, పోరాడాలి. కాని అర్జీ పెట్టేవాడికి తన భాష మీద తనకు గౌరవం లేకపోతే ఆ అర్జీకి బలం ఎక్కడిది?

గిడుగువారి జీవితం నుంచి నేను గ్రహించిన విషయం ఇది. లోచూపు దానంతట అది మారదు. 'నా భాష గొప్పది' అని రోజూ వందసార్లు అనుకున్నా మారదు. ఆయన ముందు విన్నారు. విన్నది విన్నట్టు రాసుకున్నారు. రాసుకున్నదానిలో నియమం కనిపించింది. నియమం కనిపించాక గౌరవం కలిగింది. గౌరవం కలిగాక జేబులోంచి డబ్బు తీశారు. మొదటి మెట్టు వినడం.

ఆ పని మనం కూడా చెయ్యగలం. ఇంట్లో అమ్మమ్మో, తాతయ్యో ఉంటే, ఒక నోటుపుస్తకం తీసుకొని, వారు వంటకు, పంటకు, పండగకు, బంధుత్వానికి వాడే మాటలు విన్నవి విన్నట్టు రాయండి. సవరించకండి. ఇది తప్పు, అది ఒప్పు అనకండి. పిల్లలతో రాయిస్తే మరీ మంచిది. తాము నవ్విన మాటకు ఒక అర్థం, ఒక వరస ఉన్నాయని వాళ్ళ చేత్తో రాసినప్పుడు వాళ్ళకే తెలుస్తుంది. ఆగస్టు 29న ఊరూరా తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం, పటానికి దండ వేస్తాం. ఈసారి ఆ దండతో పాటు పర్లాకిమిడి మాస్టారి పటం ముందు అలాంటి నోటుపుస్తకం ఒకటి పెట్టగలిగితే బాగుంటుంది.